మా మేనల్లుడికి సోషల్ స్కిల్స్‌లో 'సి' వచ్చింది, అసలు ఆ 'సి' దేన్ని కొలిచింది?

దసరా సెలవులకి ముందు మా చెల్లెలు ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "అన్నయ్యా, వీడికి సోషల్ స్కిల్స్‌లో సి వచ్చింది" అంది. లెక్కల్లో ఏ, ఇంగ్లిష్‌లో ఏ, డ్రాయింగ్‌లో బి, ఇక ఆ చివరి గడిలో సి, పక్కన ఎర్ర ఇంకుతో 'తోటి పిల్లలతో కలవడం లేదు, మెరుగుపడాలి' అని ఒక ముక్క. వాడికి ఏడేళ్లు, రెండో తరగతి. లెక్కల్లో సి వస్తే ట్యూషన్ పెట్టిస్తాం, మరి దీనికేం పెట్టించాలి అని దాని టెన్షన్. నాకు ఫోన్ చేసేలోపే దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకి శని, ఆదివారాలు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు చెప్పేవాళ్ల అడ్రసు కూడా పట్టేసింది.

ఆ సాయంత్రం మల్కాజిగిరిలో వాళ్లింటికి వెళ్లేసరికి వాడు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో క్రికెట్ ఆడుతున్నాడు. ఎవరిదో పాత స్కూటీ వికెట్లు, పిల్లర్‌కి తగిలితే ఫోరు. బౌలింగ్ మావాడిది. ఐదేళ్ల బుడ్డోడొకడు మొదటి బంతికే అవుటయ్యాడు. బ్యాటు కింద పెట్టలేదు, పెదవి వంకర తిరిగింది, ఇంకో రెండు సెకన్లలో ఏడుపు ఖాయం. మావాడు బంతి తీసుకుని వెనక్కి నడుస్తూ, వాడి వైపు చూడకుండానే, "అది ట్రయల్ బాల్ రా" అన్నాడు. ట్రయల్ బాల్ అని ముందు ఎవరూ అనుకోలేదు, ఆ సంగతి అక్కడున్న ఆరుగురికీ తెలుసు. పెద్దోడొకడు నోరు తెరవబోయి, బుడ్డోడి మొహం చూసి ఊరుకున్నాడు. ఆట సాగింది.

ఏం జరిగిందో ఒకసారి విడదీసి చూడండి. ఒకడి మొహం చూసి లోపల ఏముందో కనిపెట్టాడు. వాడి పరువు పోకుండా ఒక దారి చూశాడు ('పాపం చిన్నోడు, ఇంకో ఛాన్స్ ఇద్దాం' అని ఉంటే ఏడుపు రెట్టింపయ్యేది). పైగా ఆ అబద్ధాన్ని మిగతావాళ్లు కిక్కురుమనకుండా ఒప్పుకున్నారంటే వాడి మాటకి అక్కడ అంత చెల్లుబాటు ఉందన్నమాట. ఈ పిల్లాడికి సి. మేనమామని కాబట్టి వెనకేసుకొస్తున్నానని మీరనుకోవచ్చు, నిజమే, అనుమానించాల్సిందే. ఈ మొత్తం వ్యవహారంలో అసలు చిక్కు కూడా అదే, కొలిచేది ఎవరు అన్నది.

ముందు పేరు సంగతి చూద్దాం. పుస్తకాల్లో 'సామాజిక సామర్థ్యం' అని రాస్తారు, ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. ఇంట్లో అనేవి వేరే ఉన్నాయి: కలుపుగోలు మనిషి, లౌక్యం తెలిసినవాడు, మాటకారి, గడుసుపిండం, ఒద్దికైన పిల్ల, ముభావం మనిషి, మొహమాటస్తుడు. ఇవన్నీ ఒకటి కావు. మా బాబాయి తార్నాకలో బస్సెక్కితే కోఠీలో దిగేలోపు పక్క సీటాయన ముగ్గురు కూతుళ్ల సంబంధాల వివరాలు మొత్తం తెలుసుకుంటాడు, అంత కలుపుగోలు, కానీ ఆయన్ని పెళ్లిమాటలకి తీసుకెళ్లడానికి మా ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు, ఎందుకంటే లౌక్యం సున్నా. అదే మా అత్తయ్య నలుగురిలో నోరు విప్పదు, కానీ అన్నదమ్ముల మధ్య ఆస్తి గొడవ వస్తే అందరూ వెళ్లేది ఆవిడ దగ్గరికే. వీళ్లిద్దరికీ పదికి ఎన్నెన్ని మార్కులు వేస్తారు?

పరిశోధకులకీ ఇదే తలనొప్పి, వందేళ్ల నుంచీ. 1920లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ తెలివిని మూడు రకాలుగా చెప్పాడు: ఆలోచనలతో పనిచేసే తెలివి, యంత్రాలతో వస్తువులతో పనిచేసే తెలివి, మనుషులతో మెలిగే తెలివి. మూడోదాని పేరు 'సామాజిక మేధ'. ఆ తర్వాత నిర్వచనాలు పుట్టలు పుట్టలుగా వచ్చాయి, అన్నీ ఇక్కడ చెప్పి మిమ్మల్ని విసిగించను. నాకు పనికొచ్చింది 1984లో స్పిట్జ్‌బర్గ్, కుపాక్ అనే ఇద్దరు పెట్టిన లెక్క. ఒకటి, అనుకున్న పని జరగాలి. రెండు, అది అక్కడి పద్ధతి ప్రకారం జరగాలి. రెండూ ఉంటేనే సామర్థ్యం. అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ బాకీ ఉన్నాయన తలుపు ముందు నిలబడి అరిస్తే డబ్బులొస్తాయి, కానీ ఆ తర్వాత లిఫ్టులో ఎదురుపడలేం. నవ్వుతూ 'పర్లేదండీ, మీ వీలు చూసుకుని' అంటూ ఉంటే మర్యాద దక్కుతుంది, డబ్బులు రావు. చిన్నప్పుడు బట్టీ పట్టిన 'నొప్పింపక తానొవ్వక' కూడా ఇదే లెక్క.

1982లో రిచర్డ్ మెక్‌ఫాల్ ఇంకో మెలిక పెట్టాడు, నా దృష్టిలో ఈ మొత్తం సబ్జెక్టుకి తాళంచెవి అదే. స్కిల్ వేరు, సామర్థ్యం వేరు అన్నాడు. స్కిల్ అంటే మనిషి చేసే పని: కళ్లలోకి చూడటం, తన వంతు వచ్చేదాకా ఆగడం, సారీ చెప్పడం. సామర్థ్యం అంటే ఆ పని చూసి ఇంకొకరు ఇచ్చే తీర్పు. అంటే అది మనిషి లోపల షుగర్‌లాగా, బీపీలాగా కూర్చుని ఉండదు, సూది గుచ్చితే తెలిసేది కాదు. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, ఎవరితోనో పోల్చి చెప్పాలి. ఇది పట్టుకుంటే మిగతా పరీక్షలన్నీ ఎందుకు తికమకగా ఉంటాయో అర్థమవుతుంది, ఒక్కో పరీక్షలో తీర్పు చెప్పేవాళ్లు మారిపోతున్నారు మరి.

అన్నిటికంటే తేలికైన పద్ధతి, మనిషినే అడిగేయడం. 'ఎదుటివారి బాధ నాకు త్వరగా అర్థమవుతుంది': అవును, కొంతవరకు, కాదు. ఆఫీసు ట్రైనింగుల్లో, ఆన్‌లైన్ క్విజ్‌లలో మీరు నింపేవి చాలావరకు ఇవే. ఖర్చు లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది, చివర్లో అందమైన గ్రాఫు కూడా వస్తుంది. చిక్కేమిటంటే, ఎదుటివాళ్ల మనసు చదవగలమని జనం తమ గురించి చెప్పుకునేదానికీ, నిజంగా పరీక్ష పెడితే తేలేదానికీ సంబంధం బహు తక్కువ. 2019లో మర్ఫీ, లిలియన్‌ఫెల్డ్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పరీక్షలో మనుషుల మధ్య వచ్చే తేడాల్లో దాదాపు 1 శాతాన్ని మాత్రమే ఈ స్వంత మార్కులు చెప్పగలిగాయి. ఒక్క శాతం. 'నేను చాలా ఫ్రాంక్ అండీ, మనుషుల్ని ఇట్టే పట్టేస్తాను' అనే పెద్దమనిషి మీ చుట్టాల్లోనూ ఒకరుండే ఉంటారు.

సరే, పరీక్షే పెడదాం అనుకున్నారు. 1920ల్లోనే జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు ఒక పేపరు తయారుచేశారు. ఫలానా పరిస్థితిలో ఏం చేస్తారు, ఈ మాట వెనక ఏ భావం ఉంది, ఈ మొహాలూ పేర్లూ గుర్తున్నాయా, ఈ జోకులో పంచ్ ఏది, ఇలాంటి ప్రశ్నలు. బాగా వాడారు కూడా. 1937లో రాబర్ట్ థార్న్‌డైక్, సాల్ స్టెయిన్ దాన్ని పరిశీలించి చెప్పిందేమంటే, అది ప్రధానంగా కొలుస్తున్నది భాషని, మాటల్ని అర్థం చేసుకునే శక్తిని అని. ఈ రాబర్ట్ ఎవరో కాదు, సామాజిక మేధ అని మొదలుపెట్టిన ఎడ్వర్డ్ గారి సొంత కొడుకు. నాన్న పేరు పెట్టి వదిలేసిన వస్తువు ఇంకా ఎవరి చేతికీ దొరకలేదని కొడుకు తేల్చాడన్నమాట.

ఇప్పటి పరీక్షల్లో ప్రసిద్ధమైనది కళ్ల పరీక్ష. సైమన్ బారన్-కోహెన్ బృందం 1997లో తెచ్చి, 2001లో సవరించింది. 36 ఫోటోలు, ఒక్కోదాంట్లో కళ్ల భాగం మాత్రమే కనిపిస్తుంది, చుట్టూ నాలుగు మాటలు, ఆ కళ్లలో ఉన్న భావం ఏదో ఎంచుకోవాలి. నేను ఆన్‌లైన్‌లో చేశాను. సగం ప్రశ్నల్లో నన్ను తిప్పలు పెట్టింది కళ్లు కాదు, ఇంగ్లిష్ మాటలే, దగ్గరదగ్గర అర్థాలున్న విశేషణాల మధ్య తేడా తెలియాలంటే డిక్షనరీ కావాలి. పైగా ఆ ఫోటోలు విదేశీ పత్రికల నుంచి తీసుకున్నవి, కదలిక లేదు, గొంతు లేదు, ముందు ఏం జరిగిందో తెలియదు.

మన దగ్గర ఎవరైనా అలాంటి పరీక్ష తయారుచేస్తే కళ్ల బదులు చెయ్యి పెట్టాలని నా ప్రతిపాదన. పంక్తి భోజనాల్లో వడ్డించినవాళ్లకి తెలుస్తుంది. పులిహోర గిన్నె పట్టుకుని వస్తుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి 'చాలండీ చాలు' అంటారు. ఆ చెయ్యి ఆకుకి జానెడు ఎత్తులో, వేళ్లు విడివిడిగా, మొహం పైకెత్తి నవ్వుతూ ఉంటే దానర్థం 'ఇంకోసారి అడగండి' అని. చెయ్యి కిందికి దిగి ఆకుని దాదాపు తాకుతూ, చూపు ఆకు మీదే ఉంటే, అది నిజంగా వద్దు. రెండు చేతులూ అడ్డం పెట్టి మనిషి కాస్త ముందుకి వంగితే ఇక అవతలికి వెళ్లిపోవాలి, ఆ పైన వేస్తే కోపమొస్తుంది. మొదటి వద్దుకే వెళ్లిపోయిన కుర్రాణ్ణి 'పెట్టడం తెలియదు' అంటారు, మూడో వద్దుకీ వేసినవాణ్ణి 'తెలివి లేదు' అంటారు. మాట మూడుసార్లూ ఒక్కటే, వద్దు. ఇప్పుడు ఎల్బీ నగర్ నుంచి కొంపల్లి దాకా ఏ ఫంక్షన్ హాల్లో చూసినా బఫేలే కాబట్టి ఈ విద్య మా తర్వాతివాళ్లకి అక్కర్లేకుండా పోతోంది. వాళ్లు అసమర్థులనుకుందామా మరి?

ఇలాంటి పరీక్షలకి 'సరైన జవాబు' ఎవరు నిర్ణయిస్తారన్నదీ పెద్ద ప్రశ్నే. భావోద్వేగ మేధని కొలిచే ఒక పేరున్న పరీక్షలో, ఎక్కువమంది ఏం చెప్పారో అదే సరైనదిగా లెక్కేసే పద్ధతి ఒకటుంది. అందరూ చూడనిది ఒకడు చూశాడనుకోండి, వాడికి మార్కు పోతుంది.

మనిషినీ అడగొద్దు, పేపరూ వద్దు, దగ్గరగా చూసేవాళ్లని అడుగుదాం అంటే, అక్కడ ఇంకో వింత. 1987లో అకెన్‌బాక్, ఇంకో ఇద్దరు కలిసి 119 అధ్యయనాలు పోగేసి చూశారు. పిల్లల ప్రవర్తన, భావోద్వేగ సమస్యల గురించి రకరకాలవాళ్లు చెప్పింది ఒకదానితో ఒకటి ఎంత కలుస్తుందో అన్నది ప్రశ్న. పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0 అనుకోండి. అమ్మానాన్నల్లాగా ఒకే చోట చూసేవాళ్ల మధ్య సగటున 0.60. ఇంట్లో అమ్మ చెప్పినదానికీ బళ్లో టీచర్ చెప్పినదానికీ లాంటి వేర్వేరు పాత్రల మధ్య 0.28. పిల్లాడు తన గురించి చెప్పుకున్నదానికీ ఇతరులు చెప్పినదానికీ 0.22. మా చెల్లెలికి ఈ అంకెలు చెప్తే, "అంటే టీచర్ తప్పు చెప్పిందనా?" అంది. అలా అనలేం. టీచర్ చూసింది క్లాసులో పిల్లాణ్ణి, వాళ్లమ్మ చూసింది ఇంట్లో పిల్లాణ్ణి, నేను చూసింది సెల్లార్‌లో పిల్లాణ్ణి. ముగ్గురం నిజమే చెప్తూ ఉండొచ్చు. కాబట్టి ఎవరో ఒకరి దగ్గర తీసుకున్న మార్కుని 'పిల్లాడి మార్కు' అని కార్డులో వేయడం దగ్గరే పప్పులో కాలేస్తున్నాం.

కాకపోతే టీచర్ల మాటని తీసిపారేయడానికీ లేదు. అమెరికాలో కిండర్‌గార్టెన్ టీచర్లు పిల్లలకి ఈ విషయంలో ఇచ్చిన రేటింగుల్ని దాచిపెట్టి, ఆ పిల్లలకి పాతికేళ్లు వచ్చేదాకా వెంటపడి చూసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. 753 మంది. పంచుకోవడం, సాయం చేయడం లాంటి వాటిలో మంచి రేటింగ్ వచ్చినవాళ్లు తర్వాత చదువు పూర్తిచేయడంలో, ఉద్యోగంలో నిలబడటంలో ముందున్నారు, పోలీసు కేసులు తక్కువ. కుటుంబ పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా. టీచర్ కంట ఏదో పడుతోంది. అయితే వాళ్లకి ఇచ్చింది 'ఇలా చేస్తాడా, ఎంత తరచుగా' అనే విడివిడి ప్రశ్నలు, ఒక ఖాళీ గడి కాదు.

నాకు బాగా నచ్చేది మాత్రం పిల్లల్నే అడిగే పద్ధతి. జేకబ్ మొరెనో 1934లో దీనికి పునాది వేశాడు: నీ పక్కన ఎవరు కూర్చుంటే ఇష్టం అని ఒక్కొక్కర్నీ రహస్యంగా అడిగి, జవాబుల్ని బాణాలతో కాగితం మీద గీస్తే, తరగతి మొత్తం మ్యాపులాగా కనిపిస్తుంది. ఎవరి వైపు బాణాలన్నీ పోతున్నాయి, ఎవరి వైపు ఒక్కటీ రాలేదు అన్నీ తేలిపోతాయి. 1982లో కోయీ, డాడ్జ్, కొపొటెలీ దీన్ని ఇంకొంచెం సాగదీశారు, ఇష్టమైనవాళ్లతో పాటు ఇష్టం లేనివాళ్ల పేర్లూ అడిగారు. అప్పుడొక ముఖ్యమైన తేడా బయటపడింది. ఒంటరిగా కనిపించే పిల్లలు రెండు రకాలు. కొందరిని అందరూ వద్దంటారు. కొందరిని ఎవరూ తలుచుకోరు, కావాలనీ అనరు, వద్దనీ అనరు. మొదటి రకం పిల్లల గురించే ముందుముందు ఎక్కువ జాగ్రత్త పడాలి. రెండో రకం చాలాసార్లు బెంచి మారితే, సెక్షన్ మారితే మామూలైపోతారు. క్లాసు ముందు నిలబడి చూసేవాళ్లకి ఇద్దరూ ఒకేలా, మూలకి కూర్చున్నట్టే కనిపిస్తారు. ఇద్దరికీ సి పడుతుంది.

ఈ అధ్యయనాల్లో ఇంకో రకం పిల్లలూ తేలారు, వాళ్ల ఊసు లేకుండా వదిలేయలేను. సగంమంది ఎగబడి ఇష్టపడతారు, సగంమంది అసహ్యించుకుంటారు. ఆ తర్వాత ప్యాట్రీషియా హాలీ అనే పరిశోధకురాలు చూపించింది, అవసరాన్ని బట్టి మంచిగానూ బెదిరింపుగానూ రెండు రకాలా నడుపుకొచ్చే పిల్లలు తోటివాళ్లలో బాగానే నెగ్గుకొస్తారని. పెద్దయ్యాక వీళ్లే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్లవుతారని నా గట్టి నమ్మకం, దానికి అధ్యయనం ఏమీ లేదు.

ఇక్కడిదాకా గ్రేడూ మార్కూ అంటూ తేలిగ్గా మాట్లాడుకున్నాం గానీ, ఈ కొలత మీద బతుకులు ఆధారపడే చోటు కూడా ఒకటుంది, అదీ మన ఊళ్లోనే. సికింద్రాబాద్‌లో బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. అలాంటి చోట్ల వాడే పరికరాల్లో వైన్‌ల్యాండ్ సామాజిక పరిణతి స్కేలు ఒకటి. 1935లో అమెరికాలో వైన్‌ల్యాండ్ అనే ఊళ్లో ఎడ్గర్ డాల్ తయారుచేశాడు, నాగ్‌పూర్‌లో పనిచేసిన మాలిన్ దాన్ని మనకి తగ్గట్టు మార్చారు. పిల్లాడికి పరీక్ష పెట్టరు, అమ్మని కూర్చోబెట్టి అడుగుతారు: తనంతట తాను తింటాడా, బట్టలు వేసుకుంటాడా, కబురు చెప్పగలడా, బయట తిరుగుతాడా. దాన్నుంచి 'సామాజిక వయసు' వస్తుంది, దాన్ని అసలు వయసుతో భాగించి 100తో గుణిస్తారు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఆరేళ్లవాడిలా చేస్తుంటే 75.

ఇది నిజంగా పనికొచ్చే కొలత, ఎందుకంటే 'మనిషి ఎలాంటివాడు' అని అడగదు, 'ఈ పని చేస్తాడా' అని అడుగుతుంది. అయినా ఆ అంకె ఎంత సన్నని దారం మీద నడుస్తుందో చూడండి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ స్కేలులో 55 నుంచి 69 మధ్య వస్తే వైకల్యం 50 శాతం, 70 నుంచి 84 మధ్య వస్తే 25 శాతం అని ఉండేది. చాలా సౌకర్యాలకి గీత 40 శాతం దగ్గర ఉంది. ఎనిమిదేళ్ల పిల్లాడికి 69కీ 70కీ తేడా అంటే సామాజిక వయసులో దాదాపు ఒక్క నెల. ఒకటి రెండు ప్రశ్నలకి అమ్మ 'చేస్తాడండీ' అందా, 'నేనే చేయిస్తాను' అందా అన్నదాని మీద ఉంటుంది. ఎదురుగా తెల్లకోటో, టేబులో ఉన్నప్పుడు 'మావాడికి ఏమీ రాదు' అని చెప్పడానికి ఏ తల్లికి నోరొస్తుంది?

ఇంకొకటి. డాల్ అసలు స్కేలులో నాలుగైదేళ్ల వయసుకి 'ఇరుగుపొరుగులో ఒంటరిగా తిరుగుతాడు' అని ఒక అంశం ఉంది, ఆ పై ఏడాదికి 'బడికి ఒంటరిగా వెళ్తాడు'. నేను వరంగల్‌లో ఆరేళ్లకి కిరాణా కొట్టుకి వెళ్లి చింతపండు తెచ్చేవాణ్ణి, చిల్లరలో అర్ధరూపాయి నొక్కేసి చాక్లెట్ కొనుక్కునేవాణ్ణి, దొరికిపోతే ఏం చెప్పాలో ముందే అనుకుని మరీ. ఇవాళ మియాపూర్‌లో పధ్నాలుగో అంతస్తు పిల్లాడు పదేళ్లొచ్చినా గేటు దాటి ఒంటరిగా రోడ్డు మీదికి రాడు, సరుకులు యాప్‌లో వస్తాయి, బడికి వ్యాను. వాడికి చేతకాకనా, చేసే సందర్భం రాకనా? పిల్లల సోషల్ స్కిల్స్ గురించి రాసిన ఫ్రాంక్ గ్రెషమ్ ఈ తేడాని గట్టిగా పట్టుకున్నాడు: రాకపోవడం వేరు, వచ్చి కూడా అక్కడ చేయకపోవడం వేరు. మొదటిదానికి నేర్పాలి. రెండోదానికి ఆ చోట ఏం అడ్డుపడుతోందో చూడాలి. క్లాసులకి డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే అని నాకనిపిస్తుంది.

ఇక నా సొంత పాపం ఒకటి చెప్పుకోవాలి. నేను పనిచేసే కంపెనీ తరఫున ఏటా కాలేజీలకి వెళ్లే ప్యానెల్‌లో కూర్చుంటాను. గ్రూప్ డిస్కషన్, ఎనిమిది మంది పిల్లలు, పావుగంట. నా చేతిలో షీటు: ఎవరు మొదలుపెట్టారు, ఎన్నిసార్లు మాట్లాడారు, ఫ్లూయెన్సీ, కాన్ఫిడెన్స్. ఒకసారి ఇద్దరు అబ్బాయిలు వర్క్ ఫ్రమ్ హోమ్ మీద పది నిమిషాలు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అప్పటిదాకా ఊరికే విని, తడబడే ఇంగ్లిష్‌లో, "మీరిద్దరూ ఒకటే అంటున్నారు, ఈయన కొత్తవాళ్ల గురించి, ఆయన పాతవాళ్ల గురించి" అంది. ఇద్దరూ ఆగిపోయారు. గొడవ అక్కడితో సరి. తను మాట్లాడింది ఆ ఒక్కసారే, కాబట్టి షీటు ప్రకారం నేను వేసింది పదికి నాలుగు. అరిచినవాళ్లకి ఏడేసి. ఆ అమ్మాయి చేసిన పనికి షీటులో కాలమ్ లేదు, పెన్ను నా చేతిలోనే ఉన్నా పక్కన రాయాలని నాకు తోచలేదు.

సైన్యంలో ఆఫీసర్లని ఎంచే బోర్డుల్లో చూడాల్సిన 15 లక్షణాల్లో సామాజికంగా ఇమిడిపోవడం, సహకరించడం కూడా ఉంటాయి. కానీ అక్కడ అయిదు రోజులు, ముగ్గురు వేర్వేరు పరీక్షకులు, కాగితం మీదా మైదానంలోనూ గదిలోనూ విడివిడిగా చూసి ఆఖర్న కూర్చుని మాట్లాడుకుంటారు. అదీ తప్పులు లేనిదేమీ కాదు, కానీ ఒకే చోట ఒకే మనిషి కంటితో పావుగంటలో తేల్చేయడం కంటే నయం.

ఆ పావుగంటలో మనం తూచేది చాలాసార్లు యాసని కూడా. రాజమండ్రి నుంచి వచ్చిన మా కొలీగ్ ఒకతను హైదరాబాద్ వచ్చిన మొదటి నెల అందరూ తన మీద కోపంగా ఉన్నారనుకున్నాడట. ఆటో అన్న 'యాడికి పోవాలె?' అంటే కొట్టడానికి వస్తున్నట్టు అనిపించేదట, 'అండీ' లేదు మరి. కరీంనగర్ నుంచి వచ్చిన ఇంకో కొలీగ్‌ది సరిగ్గా తిరగేసిన కథ: ఇతను మాటమాటకీ అండీ అండీ అంటుంటే 'వీనికి నాతోని ఏదో పనుంది, గందుకే గింత మర్యాద' అనుకునేవాడట. ఇద్దరూ తమ ఊళ్లో మంచి మాటకారులు. పక్కపక్క క్యూబికల్స్‌లో ఆరు నెలలు ఒకరికొకరు ముభావులుగా మిగిలారు.

ఆటిజం విషయంలో డేమియన్ మిల్టన్ 2012లో చెప్పింది దీనికి చాలా దగ్గర. ఆయనకీ ఆటిజం ఉంది. ఆటిజం ఉన్నవాళ్లకి ఎదుటివాళ్లు అర్థం కారు అంటారు కదా, ఎదుటివాళ్లకి వీళ్లు అర్థమవుతున్నారా, లోపం రెండు వైపులా ఉంది కదా అన్నాడు. 2020లో క్రాంప్టన్ బృందం ఒక కథని చెవిలో మాటలాగా ఒకరి నుంచి ఒకరికి పంపించి చూసింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ ఎంత బాగా అందిందో, ఎవరికీ లేని వరసలోనూ అంతే బాగా అందింది. రెండు రకాలవాళ్లనీ కలిపిన వరసలోనే ఎక్కువ తెగిపోయింది. పరీక్ష ఒక్క మనిషికే పెడితే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

చోటు మారితే సరే, కాలం మారినా తీర్పు మారుతుంది. చైనాలో షిన్‌యిన్ చెన్ అనే పరిశోధకుడు బిడియస్థులైన పిల్లల్ని గమనించాడు. 1990లో చూసిన పిల్లల్లో, బిడియంగా ఒద్దికగా ఉండేవాళ్లని తోటివాళ్లూ టీచర్లూ మెచ్చుకున్నారు. 2002లో అదే బిడియం ఉన్నవాళ్లని తోటివాళ్లు దూరం పెట్టారు. మధ్యలో పుష్కరం, మార్కెట్టూ, పోటీ. పిల్లల స్వభావం అదే, ఊరి లెక్క మారింది. మన దగ్గర ఎవరైనా ఇలా కొలిచారో లేదో గానీ, మా అమ్మమ్మ మెచ్చుకోలుగా 'మాట బయటికి రాని పిల్ల' అన్న మాటని ఇప్పుడు అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లో చెప్తే ఫీజు కట్టించుకుంటారు.

సెలవులయ్యాక పేరెంట్స్ మీటింగ్‌కి చెల్లెలితో నేనూ వెళ్లాను. టీచర్ చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయేమో, గొంతు పోయి ఉంది. నేను తర్ఫీదు పొంది వెళ్లినవాడిలా, "మేడం, వాడితో ఎవరైనా ఆడొద్దంటున్నారా, లేక వాడే ఊరికే కూర్చుంటున్నాడా?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించింది. "ఆడొద్దని ఎవరూ అనరండీ. పక్కన ఇద్దరూ హిందీ పిల్లలు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు, వీడు కిటికీలోంచి చూస్తుంటాడు" అంది. తర్వాత, కొంచెం సిగ్గుపడుతూ, "నలభై రెండు కార్డులండీ, ఆ ఆఖరి కాలమ్ నేను రాత్రి పదకొండింటికి నింపాను" అంది.

బెంచి మారుస్తానంది. మావాడు మాత్రం తిరిగొచ్చే దారిలో, ఆ హిందీ పిల్లల్లో ఒకడికి తన స్టిక్కర్లంటే ఇష్టమని, సోమవారం రెండు తీసుకెళ్తానని, బెంచి మార్చొద్దని చెప్పమని వాళ్లమ్మని సతాయిస్తూనే ఉన్నాడు.